సాలూరు ఘాటు దాటిన బొమ్మ

టేపు చుట్టను సర్రున లాగిన చప్పుడు వింటే నాకు ఇప్పటికీ సుగుణక్క గుర్తొస్తుంది. విశాఖలోని నా ఫ్రేముల దుకాణంలో రోజంతా ఆ చప్పుడే. ఈ పని నేను నేర్చుకున్నది విజయనగరంలో, చర్చి వీధిలో ఉండే ఆమె దుకాణంలో. అందరి చేతుల్లోకీ స్మార్ట్‌ఫోన్లు వస్తున్న రోజులవి. బొమ్మలకు ఫ్రేములు కట్టి దూరపు ఊళ్ళకు పంపేవాళ్ళం. ఎన్నేళ్ళ అనుభవమున్నా అక్కకు తన పని మీద తనకే అనుమానం. లారీ డ్రైవరు కనబడితే చాలు, సరుకు ఎక్కడ ఎక్కువ ఎగురుతుందో అడిగేది.

ఒకసారి కొండల అవతల ఒడిశాలోని జయపురం నుంచి ఒక రిటైర్డు మాస్టారు వచ్చారు. చనిపోయిన భార్య చివరగా వేసిన మందారాల బొమ్మ తెచ్చి ఫ్రేము కట్టమన్నారు. కట్టి లారీలో పంపాం. అద్దం పగిలిందని ఆయన వాట్సాప్‌లో ఫొటో పెట్టారు. నేను లారీవాళ్ళను తిట్టడం మొదలుపెట్టాను. అక్కకు ఫొటో చాలలేదు. ఒక్క ముక్క కూడా పారేయకుండా అంతా తిరిగి పంపమని ఆయన్ను బతిమాలింది.

వచ్చాక గుమ్మం దగ్గర వెలుగులో పరిచి చాలాసేపు చూసింది. మూలలకు దెబ్బే లేదు. పగుళ్ళన్నీ నడిమధ్య నుంచి బయల్దేరాయి. ఒక పెంకు మందారం మీద తెల్లగా గీసుకుపోయింది.

"దీన్ని ఎవులూ పడేయనేదే," అంది మెల్లగా. "తాడు బిగించి కట్టినాం సూడు, అదే నొక్కీసింది."

ఈసారి ముందు పరీక్షకని బొమ్మ లేని ఫ్రేముకు అద్దం బిగించింది. పగిలినా పెంకులు జారకుండా అద్దం మీద నిలువుగా, అడ్డంగా టేపు అంటించింది. మూలలకు అట్టముక్కలు తొడిగి, పెద్ద పెట్టెలో నిలబెట్టి, చుట్టూ నలిపిన కాగితం కూరింది. పెట్టెను ఊపి, లోపల ఏమైనా కదులుతోందేమోనని చెవి ఆనించి విన్నది. ఆ పెట్టెను మాకు తెలిసిన డ్రైవరు లారీలో వెనక ఎక్కించి, మేమిద్దరం ముందు కూర్చున్నాం. జయపురం వెళ్ళే దారిలో, సాలూరు ఘాటు రోడ్డు ఎక్కుతుంటే ప్రతి మలుపుకూ ఆమె వెనక్కి తిరిగి చూసేది. పైన టీ కొట్టు దగ్గర ఆపించి పెట్టె విప్పింది. అద్దం నిక్షేపంగా ఉంది. సంతోషిస్తుందనుకున్నాను. ఇంకా గట్టిగా ఎగిరితే ఏమవుతుందో అనుకుంటూ, తిరుగు ప్రయాణానికి మళ్ళీ కట్టింది.

ఆ తరవాతే మాస్టారి బొమ్మ కదిలింది. పొరపాటు మాదేననీ, గీత మీద రంగు పూస్తే అది ఆవిడ బొమ్మ కాకుండా పోతుందనీ అక్క ముందే చెప్పేసింది. పెట్టె చేరిన రోజు ఆయన ఫోను చేశారు.

"గీత ఉంటే ఉందిలేమ్మా. బొమ్మ ఇంటికొచ్చీసింది," అన్నారు.

ఫోను పెట్టేసి అక్క కళ్ళు తుడుచుకుంది. పెట్టె ఏ మూల నలిగిందో అడగడం మరిచిపోయానని వెంటనే మళ్ళీ ఆయనకే ఫోను చేసింది.

ఆమె పోయి కొన్నేళ్ళయింది. నా దుకాణంలో ఏదైనా పగిలితే పనివాళ్ళు బెదురుతూ వచ్చి చెబుతారు. నాకు కోపం రాబోతుంది. అంతలోనే, ఎక్కడ మొదలై పగిలిందో చూడాలనిపిస్తుంది. వెళ్ళి వాళ్ళ పక్కనే నేలమీద కూర్చుంటాను.