కంచె దాటి వచ్చిన ట్యూన్

పోయిన మంగళవారం డ్యూటీకి బయల్దేరుతుంటే పక్కింటి ఆంటీ మా గుమ్మంలోకి వచ్చి, "మీ అంకుల్ నిద్రలోనే వెళ్ళిపోయారు" అంది. ఏడుపొచ్చింది. దాంతోపాటు, చెప్పడానికి సిగ్గుగా ఉన్నా, మనసు తేలిగ్గానూ అనిపించింది. ఆయన పోయినందుకు కాదు, ఆయన పోయేలోపు ఒక మాట చెప్పేయగలిగినందుకు. ఆ మాటేమిటో మీకూ చెప్పాలి.

న్యూజిలాండ్‌లో ఈ టకానిని ఊళ్ళో మేం ఇల్లు కొనుక్కున్న కొత్తలో ఆయన మాకు టమాటా మొక్కలకి నీళ్ళు పోస్తూ కూనిరాగం తీసే పెద్దాయన, అంతే. స్పెయిన్‌లో ఒకప్పుడు ఆయన ప్రేమపాటలకి హాళ్ళు నిండేవని చాన్నాళ్ళకి గానీ తెలీలేదు. పదహారేళ్ళకే పెళ్ళిళ్ళలో పాడేవారట. తర్వాత సొంతంగా పాటలు కట్టి, రికార్డులిచ్చి, దేశాలు తిరిగారు. కచేరీకని న్యూజిలాండ్ వచ్చి, ఆంటీని చూసి, ఇక్కడే సెటిల్ అయిపోయారు. పక్క ఊరు పాపకూరలో పిల్లలకి గిటార్ నేర్పుతూ ముప్ఫై ఏళ్ళు గడిపారు. స్టేజీ ఎందుకు వదిలేశారని ఒకసారి అడిగాను. "నా ట్యూన్ ఒకడు ఎత్తుకుపోయి తన పేరు పెట్టుకున్నాడు. ఆ తర్వాత మైకు ముందు నిలబడితే గొంతు పెగిలేది కాదు" అన్నారు.

ఆ మాట విన్నప్పటికే నా నిర్వాకం జరిగిపోయింది, నాకే తెలీదు. మా తెలుగు చర్చిలో పాటలు నడిపించేది నేనే. చెవిన పడ్డ ట్యూన్ నచ్చితే దానికి దేవుడి మాటలు కట్టుకోవడం మాకు కొత్తేం కాదు. గుంటూరులో మా నాన్నా అదే చేసేవాడు. బట్టలారేస్తూ కంచె అవతల్నించి రోజూ విన్న ఆ కూనిరాగానికి, ప్రభువుని మా ఇంటికి రమ్మని పిలుస్తూ పాట కట్టేశాను. ఏదో వాళ్ళ ఊరి పాత పాట అనుకున్నాను. అడగాలని తోచలేదు. చర్చి చర్చంతా చప్పట్లతో అందుకుంది. "ట్యూన్ కూడా నువ్వే కట్టావామ్మా?" అని పెద్దలడిగితే ముసిముసిగా నవ్వి ఊరుకున్నాను.

ఓ శనివారం మా అమ్మాయితో కలిసి పులిహోర ఇవ్వడానికి వెళ్తే, అంకుల్ తన పాత రికార్డు ఒకటి పెట్టి, కాఫీ కలపడానికి లోపలికెళ్ళారు. రెండు లైన్లు కాలేదు, "మమ్మీ, ఇట్స్ అవర్ చర్చ్ సాంగ్!" అని అరిచింది మా అమ్మాయి. పాప ఏమంటోందని లోపల్నించి అడిగారు. "ఏం లేదంకుల్" అన్నాను.

ఆ అబద్ధాన్ని నాలుగు నెలలు మోశాను. ఈలోగా ఆయనకి క్యాన్సర్ అని తేలింది. "ఈ టైంలో ఆయన్ని బాధపెట్టడం ఎందుకే? ఆ పాట మానేస్తే సరిపోద్దిగా" అన్నారు మావారు. నాకు సరిపోలేదు. ఆయన్ని దోచుకున్నవాళ్ళలో నేను రెండోదాన్ని.

వెళ్ళి మంచం పక్కన కూచుని చెప్పేశాను. ఆయన నా వైపు తిరిగారు.

"పాడు."

పాడాను. అర్థం అడిగితే చెప్పాను.

"నాదీ అదే. వదిలేసి వెళ్ళిన అమ్మాయిని ఇంటికి రమ్మని బతిమాలాను. రాలేదు. మీ దేవుడు వచ్చాడా?"

"వస్తూనే ఉన్నాడంకుల్."

నవ్వారు. నవ్వు కాస్తా దగ్గయింది. "ఆదివారం నన్ను తీసుకెళ్ళు. అది ఎవరి ట్యూనో అందరి ముందూ చెప్పి, అప్పుడు పాడు. అది చాలు."

ఆ ఆదివారం ఆంటీ ఆయన్ని వీల్‌చైర్‌లో తీసుకొచ్చి ముందు వరసలో కూచోబెట్టింది. నేను మైకు పట్టుకుని, ఈ ట్యూన్ నాది కాదు, ఈయనది, అడక్కుండా తీసుకున్నాను, నాదేనని మీరనుకుంటుంటే ఊరుకున్నాను అన్నాను. అందరూ ఆయన వైపు తిరిగారు. పాట ఎత్తుకోగానే ఎప్పట్లాగే చప్పట్లు మొదలయ్యాయి. అంకుల్ చెయ్యెత్తి ఆపేశారు.

"ఇది బతిమాలే పాట. అంత తొందరైతే ఎలా?"

అని, బొంగురు గొంతుతో, స్పానిష్ మాటలతో, తనే ఎత్తుకున్నారు. మేం తెలుగు మాటలతో వెనకే వెళ్ళాం, చప్పట్లే లేకుండా, గాలిలో ఆయన వేలు ఎంత నెమ్మదిగా కదిలితే అంత నెమ్మదిగా.