వాలిన ఎర్రగడ్డలకు నీళ్లు

చలికాలమంతా తిమ్మమ్మ బోరు వేలు లావున పోసింది. కుందుర్పి పక్కన ఉన్న ఆ అరెకరా ఎర్రగడ్డల్ని, అదే ఉల్లిని, ఆ కాస్త ధారతోనే మడి తర్వాత మడి తడుపుతూ మాఘం దాటించింది. కళ్లలో పొరలు, నడుములో నొప్పి. అయినా మడిలోకి దిగితే ఆమెను పట్టేవాళ్లు లేరు. ఏటా ఆ గడ్డల్లోంచే కొన్ని దాచి, మళ్లీ నాటి, విత్తనం తీసేది. అత్త చేతి మీదుగా వచ్చిన విత్తనం అది, ఊళ్లో ఇంకెవరి దగ్గరా లేదు.

ఫాల్గుణంలో కాడలు నేలకు వాలాయి. ఇక నీళ్లు చాలు, గడ్డ ఆరాలి అని దానర్థం. అదేం ఖర్మో, పక్క చేను ఓబన్న పంట తీసేసి మోటరు ఆపాడేమో, అంతదాకా ఏడిపించిన బోరు ఆ రోజే పైపు నిండా పోసింది! కోడలు చౌడేశ్వరి ధర్మవరం మగ్గాల ఇంటి పిల్ల, సేద్యం ఎరగదు. మోటరు ఆపడానికి ఆమెకు చెయ్యి రాలేదు. మడులన్నీ నిండేదాకా పెట్టేసింది. ఈ కరువు నేల మీద వచ్చే నీళ్లను వద్దనేవాళ్లు ఎవరున్నారు చెప్పండి?

తిమ్మమ్మ వచ్చి బురద తొక్కి చూసింది.

"వాలినంక నీళ్లు పెడితివా మే! ఇంగ దాస్తే కుళ్లుతాయి. విత్తనం యాడ తెచ్చుకుందాం?"

చౌడేశ్వరికి తల కొట్టేసినట్టయింది.

నేల ఆరాక పీకారు. ఒక వరుస కాడలు ఇంకో వరుస గడ్డల్ని కప్పేలా పరిచారు, ఎండ నేరుగా తగిలితే గడ్డ ఉడికిపోతుంది. ఆపైన పందిరి నీడలో పదిహేను రోజులు ఆరబెట్టారు. అప్పుడు తిమ్మమ్మ చాపేసుకుని కూర్చుంది. ఒక్కో గడ్డ మెడను, కాడ మొదలయ్యే చోట, బొటనవేలితో నొక్కడం, కుడికో ఎడమకో వేయడం. అదీ కళ్లు మూసుకుని! కుడివి దాచడానికి, ఎడమవి వండుకోవడానికి. చూస్తే లావువి, నిగనిగలాడేవి అన్నీ ఎడమ గుట్టలోనే ఉన్నాయి.

"అత్తా, కండ్లు కనపడక మంచివన్నీ పారేస్తాండావు."

"మెడ మెత్తగుండాది, లోపల ఆరలేదు. నమ్మకం లేకుంటే దాచుకో, ఎవురొద్దన్నారు?"

చౌడేశ్వరి పంతానికి ఎడమ గుట్టలోంచి రెండు గంపలు దాచుకుంది. నెల తిరక్కముందే వాటి అడుగు నుంచి నల్లని నీరు కారింది. ఒక్కటంటే ఒక్కటి మిగల్లేదు. వెంటనే వెళ్లి కుడి గుట్ట తిరగేసింది. గలగలమని ఎండు పొట్టు, లోపల గట్టి గడ్డలు! వారానికోసారి తిరగేస్తూ కార్తీకం దాకా కాచింది. చెడినవి అన్నీ కలిపి చేటెడు.

నాటే రోజు ఇక ఉండబట్టలేక అడిగేసింది.

"వేలికి అంత ఎట్ల తెలుస్తాది అత్తా?"

"కొత్త కోడలిగా వచ్చినప్పుడు నేనూ వాలినంక నీళ్లు పెట్టినా. మా అత్త ఒక్క మాటన్లేదు. కుళ్లినవన్నీ నా చేతనే ఏరించింది, ఒక్కోదాని మెడ పట్టించి. నాలుగు నెలలు ఏరినా. ఆఖరికి పన్నెండు గడ్డలు మిగిలినాయి. ఆ పన్నెండిటి పిల్లలే ఇయన్నీ."

చౌడేశ్వరి ఆ బొటనవేలి వంక చూసింది. ఈ ముసలిది మామూలు మనిషి కాదనుకుంది. ఆమె చేతిలోంచి గడ్డ తీసుకుని, మెడ ఒకసారి నొక్కి చూసి, నాటింది.