తప్పు కట్టలో చీటీ

చోడవరంలో అప్పట్లో ఒక చిన్న ప్రైవేటు ఆసుపత్రి ఉండేది. ఇప్పుడు లేదు. తొంభైల చివర్లో నేనక్కడ రోగుల చీటీలు రాసి, ఊరి వారీగా కట్టలు కట్టి బీరువాలో పెట్టేదాన్ని.

ల్యాబ్‌లో చేసే ఆయన అనకాపల్లి నుంచి రోజూ బస్సులో వచ్చేవారు. అందరం సాయిబుగారనేవాళ్లం. నెలనెలా డాక్టరుగారు పెట్టే మీటింగుకి, ఏ ఊళ్లో ఎన్ని జ్వరాలో తెల్ల షీట్ల మీద స్కెచ్ పెన్నులతో గీసి గోడకి తగిలించేవారు. ఒకసారి విశాఖపట్నంలో ఎగ్జిబిషన్ చూసొచ్చి, అక్కడి కంప్యూటరు గురించి వారం రోజులు అదే పనిగా చెప్పారు.

“మీట నొక్కక్కర్లేదమ్మా. అద్దం మీద ఏలెడితే సాలు, బొమ్మ మారిపోతంది. రేపొద్దున్న ఇదొస్తే మీటింగుకి ఈ షీట్లెందుకు? మీ కట్టలెందుకు? పేరు మీద ఏలెడితే పాత సీటీ ఎదరకొచ్చేస్తాది.”

“కరెంటు పోతేనో?” అన్నాను. ఆయన నవ్వేశారు.

ఆ ఏడాది చెరుకు నరికే రోజుల్లో కె.కోటపాడు వైపు నుంచి ఒకతను భార్యని ఆటోలో తీసుకొచ్చాడు. కాలికి కత్తి తగిలి చీము పట్టింది. ఒళ్లు కాలిపోతోంది, పిలిస్తే పలకడం లేదు. ఇదివరకోసారి ఇక్కడికే వచ్చిందన్నాడు. డాక్టరుగారు పాత చీటీ తెమ్మన్నారు. వాళ్ల ఊరి కట్ట రెండుసార్లు తిరగేశాను. లేదు.

“ఎప్పుడొచ్చింది బాబూ? నెల చెబితే మిగతా కట్టల్లో ఆ నెల చీటీలు చూస్తాను.”

“తెల్దమ్మా. ఆ రోజు నాను గోవాడ పంచదార ఫేట్రీకి సెరుకు తోలుకెళ్లేను. ఆళ్లమ్మతో వచ్చింది.”

“ఏదైనా ఇంజక్షన్ పడదని చెప్పిందా?” అని డాక్టరుగారు అడిగారు. అతను తల అడ్డంగా ఊపాడు.

ఇంజక్షన్ చేశారు. కాసేపటికే ఆమెకి ఊపిరాడలేదు. డాక్టరుగారు ఎంత ప్రయత్నించినా ప్రాణం నిలవలేదు.

మర్నాడు బీరువాలోని కట్టలన్నీ కింద పోసుకుని కూర్చున్నాను. ఇంచుమించు వాళ్ల ఊరి పేరే ఉన్న మరో ఊరి కట్టలో ఆమె చీటీ దొరికింది. పైన ఎర్ర సిరాతో ‘పెన్సిలిన్ పడదు’ అని డాక్టరుగారి రాత. ఊరి పేరు మాత్రం నా రాత. ఆఖరి అక్షరం తప్పు రాశాను.

చీటీ పట్టుకుని ల్యాబ్‌లోకి వెళ్లాను.

“మీరు చెప్పిన ఆ కంప్యూటరు ఉండుంటే బతికేదంటారా?”

సాయిబుగారు చీటీ తీసుకుని చదివారు. “అందులోనైనా ఊరి పేరు మనిషే కొట్టాల కదమ్మా,” అన్నారు. అనేశాక నా మొహం చూసి లేచి, తన కుర్చీ నా వైపు జరిపారు.

దినాలయ్యాక ఆమె భర్త వచ్చాడు. చీటీ సంగతి అతనికి చెప్పొద్దని డాక్టరుగారు ముందే అన్నారు. “ఆ సీటీ దొరికిందా అమ్మా?” అనడిగితే అబద్ధం నోటికి రాలేదు.

“దొరికింది బాబూ. వేరే ఊరి కట్టలో నేనే పెట్టేశాను. ఆ ఇంజక్షన్ పడదని దాంట్లో రాసుంది.”

తిడతాడనుకున్నాను. కొడతాడేమోనని కూడా అనుకున్నాను. అతను గుమ్మంలోనే చతికిలబడ్డాడు.

“నాను నెల సెప్పగలిగితే దొరికేది గదమ్మా,” అన్నాడు. “ముందొచ్చిన రోజైనా దానితో రాలేకపోయేను.”

కాదు, తప్పు నాదేనని ఎన్నిసార్లు చెప్పినా వినిపించుకోలేదు. తువ్వాలుతో మొహం తుడుచుకుని, కోటపాడు బస్సు ఎన్నింటికని అడిగాడు.