బ్రేకుల్లేని తాత, వదలని నేను

ఆ రోజుల్లో నాకు ధైర్యం తక్కువ, సలహాలు ఎక్కువ. (ఇప్పుడు ధైర్యం ఇంకాస్త తగ్గింది, సలహాలు ఆఫీసులో జీతానికి ఇస్తున్నాను.) సిడ్నీలో యూనివర్సిటీకి కొత్తగా వచ్చి, బ్లాక్‌టౌన్‌లో ఒక గుంటూరు ఆంటీ ఇంట్లో గది తీసుకున్నాను. పక్కింట్లో ఒక ఇంగ్లీషు ముసలాయన ఉండేవాడు. వయసులో ఉండగా మట్టి ట్రాకు మీద మోటారుసైకిలు పందేలు ఆడటానికి ఒక్క సీజనుకని ఇంగ్లండులో ఓడెక్కి వచ్చి, ఇక్కడే ఉండిపోయాడు. ఆ ఆటను స్పీడ్‌వే అంటారు. బండికి ఒకటే గేరు, బ్రేకులు అసలుండవు. మలుపులన్నీ ఎడమకే, ఇనుము తొడిగిన ఎడమ బూటు నేలకు రాస్తూ, బండిని అడ్డంగా జార్చుకుంటూ తిరగాలి. ఆయన ఒంట్లో విరగని ఎముక లేదు. గెలిచిన ఒకే ఒక్క కప్పులో పంచదార పోసుకునేవాడు. నేను పెట్టిన పేరు బ్రేకుల్లేని తాత.

ఒకసారి షోగ్రౌండు మైదానంలో పాత రైడర్లందరినీ పిలిచి ట్రాకు మీద తిప్పుతామన్నారు. తాత ప్రాణమంతా దాని మీదే పెట్టుకున్నాడు. కూతురు మాత్రం, "ఒక్క రౌండే డాడ్. పడ్డావంటే బండి అమ్మేస్తా" అని తేల్చి చెప్పింది. ఆ బండిని వెనక నుంచి నెడితేనే స్టార్టవుతుంది. మొండికేసిన స్కూటర్లను నెట్టడం మనకు పుట్టుకతో వచ్చిన విద్య కదా, నేనున్నానన్నాను.

"బండన్నాక నిమ్మకాయ తొక్కకుండా కదిలితే ఎలా బాబూ? యూ జస్ట్ డూ ఇట్, ఆ అమ్మాయికి నేను ఎక్స్‌ప్లెయిన్ చేస్తాగా" అంది ఆంటీ. ఆ రోజు తెల్లచొక్కా వేసుకుని, ఆంటీతో కలిసి వెళ్ళి, ట్రాకు పక్కనే బండికి బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాను. తాత శ్రద్ధగా చూసి, "మీ దేవుడు కూడా నెడతాడా, మేట్?" అనడిగాడు.

నెట్టాను. నిమ్మకాయలు చితికాయి, ఇంజను గుర్రుమంది. అక్కడితో నా పని అయిపోయింది. కానీ మా ఊళ్ళో సైకిలు నేర్పేవాడు వెనక సీటు వదిలితే నమ్మకద్రోహం కింద లెక్క! ముసలాయన పడిపోతాడేమోనని మడ్‌గార్డు పట్టుకుని పరిగెత్తాను. "లెట్ గో!" అని ముందు నుంచి తాత, "లెట్ గో!" అని వెనక నుంచి కూతురు, "వదిలెయ్ బాబూ, వదిలెయ్!" అని ఆంటీ. చివరికి నేను వదల్లేదు, బండే నన్ను వదిలించుకుంది. పోతూ పోతూ వెనక చక్రం మట్టంతా నా మొహాన కొట్టింది.

కళ్ళు నులుముకుని చూస్తే తాత మలుపులో ఉన్నాడు. బండి అడ్డంగా, ఎడమ బూటు నేల మీద. కూతురు మొహం కప్పుకున్న చేతులు మెల్లగా తీసింది. ఒక్క రౌండన్న మనిషి తిరుగుతూనే ఉన్నాడు, ఆవిడ ఆపమనలేదు. చివరికి అందరికంటే వెనక వచ్చి, నా ముందు ఆగి, "వెనక నుంచి ఒకడు లాగకపోతే గెలిచేవాణ్ణి" అన్నాడు. నోట్లో మట్టి ఉమ్ముకుంటూ నవ్వాను. అంత సంతోషం నాకు డిగ్రీ చేతికొచ్చినప్పుడు కూడా కలగలేదు.

తాత ఇప్పుడు లేడు. ఆ ఇనప బూటు కూతురు నాకిచ్చింది. మా తలుపుకు అడ్డం పెట్టుకుంటున్నాం. మొన్న పార్కులో మా అమ్మాయికి సైకిలు నేర్పిస్తూ సీటు పట్టుకుని పరిగెడుతున్నాను. "నాన్నా, లెట్ గో!" అని అరిచింది. ఈసారి వదిలాను. ఊగుతూ ఊగుతూ నిలదొక్కుకుని, ఎడమకు తిరిగి వెళ్ళిపోయింది. అలవాటు కొద్దీ మొహం తుడుచుకున్నాను. మట్టి లేదు గానీ, చెయ్యి తడిసింది.