ఒకే జ్వరం, రెండు కడుపులు

మా మేనత్త పోయిందని మొన్న మంగళవారం పొద్దున్న రాజమండ్రి ఆసుపత్రి నుంచి నాన్న ఫోన్ చేశారు. "అయిపోయిందమ్మా" అన్నారు, అంతే. ఆ గొంతులో ఏడుపు కన్నా అలసట ఎక్కువుంది. మీలో ఆవిడను ఎరిగినవాళ్ళు ఉండరు. మండపేటలో మా వీధి దాటితే ఆవిడ ఎవరో చెప్పగలిగేవాళ్ళు కూడా తక్కువే. అయినా రాయాలనిపించింది. ఆవిడకు వచ్చిన జబ్బే నాకూ వచ్చింది. నేను బతికి, పెళ్ళి చేసుకుని, పిల్లను కని, ఇప్పుడిలా కూర్చుని రాస్తున్నాను.

నాకప్పుడు పదేళ్ళు. మేనత్తకు పెళ్ళయి ఏడాది నిండలేదు. వేసవికి పుట్టింటికని మా ఇంటికి వచ్చింది. ఆ ఎండల్లో మా వీధంతా టైఫాయిడ్ తిరిగింది. ముందు నేను పడ్డాను. నా నుదుటి మీద తడిగుడ్డలు వేస్తూ కూర్చున్న మేనత్త ఆ తర్వాత పడింది. ఇక జ్వరం తగ్గుతోందనుకుంటుండగా నా కడుపు రాయిలా బిగుసుకుపోయింది. రాజమండ్రి తీసుకెళితే పేగుకు చిల్లు పడిందని అప్పటికప్పుడు కోశారు. ఇంట్లో మేనత్తకూ అదే నొప్పి మొదలైంది. ఇల్లంతా నా కోసం ఆసుపత్రిలో ఉంటే మళ్ళీ ఎవర్ని పిలుస్తామని పళ్ళు బిగబట్టి పడుకుందట. పాలు పోయడానికి వచ్చినామె చూసి కబురు పెట్టేసరికి కడుపంతా చీము పట్టేసింది.

ఆడవాళ్ళ వార్డులో మా మంచాలు పక్కపక్కనే. డాక్టరుగారు నా పొట్ట నొక్కి చూసి, చిన్నపిల్ల గనక తొందరగా మానిందని, ఇక జావ పట్టవచ్చని చెప్పారు. అటు తిరిగి మేనత్త కట్టు విప్పారు. కుట్ల సందుల్లోంచి పచ్చటి నీరు కారుతోంది. నర్సు మొహం పక్కకు తిప్పుకుంది.

"కుట్టిన చోట పేగు మళ్ళీ విడిపోయిందమ్మా. ఇంకోసారి తెరవాలి. ఈసారి పేగు బయటికి తీసి పెడతాం."

"బయటికంటే ఎక్కడికండి?"

"పొట్ట మీదికి. దొడ్డికి అక్కడినుంచే వస్తుంది. కొన్ని నెలలే. ఒళ్ళు కోలుకున్నాక లోపల పెట్టేస్తాం."

మేనత్త దుప్పటి పొట్ట మీదికి లాక్కుంది. "ఆ మాట మా ఆయనకి మీరే చెప్తారాండి?" అంది.

డాక్టరుగారే చెప్పారు. మావయ్య బుద్ధిగా విన్నాడు, తలాడించాడు. ఆ సాయంత్రం రామచంద్రపురం బస్సెక్కినవాడు ఆవిడను ఇంటికి పంపే రోజు దాకా మళ్ళీ రాలేదు.

ఆ అత్తవారింటికి నాన్నతో కలిసి ఒకసారి చూడ్డానికి వెళ్ళాను. మేనత్త మంచం పెరటి వసారాలో ఉంది. కంచం, చెంబు విడిగా ఉన్నాయి. ఆ రోజుల్లో పొట్టకు అంటించే సంచులు దొరకడమే కష్టం. దొరికినవి నిలిచేవి కావు. పేగు నుంచి వచ్చే నీరు తగిలిన చోటల్లా చర్మం కాలినట్టు ఎర్రగా ఊడిపోయింది. గుడ్డ మార్చుకునేటప్పుడు ఆవిడ కొంగు నోట్లో కుక్కుకునేది. వంటింట్లోంచి వాళ్ళ అత్తగారి మాటలు మాకు వినబడాలనే వినబడుతున్నాయి. "దేవుడి గది దాకా వాసనండి. మేము మాత్రం మనుషులం కామా?"

నాన్న వీధి అరుగు మీద మావయ్యను కదిపారు. మావయ్య గొంతు పెంచలేదు, తప్పించుకోలేదు.

"అన్నం ముందు కూర్చుంటే సయించట్లేదండి బావగారూ. అబద్ధం ఎందుకు? మీ చెల్లెలు కదా, బాగయ్యేదాకా మీ దగ్గరే ఉంచుకోండి."

ఆ మధ్యాహ్నమే ఆవిడ మాతో వచ్చేసింది. ఆ తర్వాత ఆ గుడ్డలన్నీ ఉతికింది మా అమ్మ. వదినకు థాంక్స్ చెప్పడం మేనత్తకు చేతకాలేదు. "నీ చేతులు పాడైపోతున్నాయి, ఆ సబ్బు మార్చు" అని కసిరేది.

నెలలు గడిచాక పేగును లోపలికి పెట్టి కుట్టారు. ఈసారి కుట్టు నిలిచింది. మామూలుగా దొడ్డికి వెళ్ళొచ్చిన రోజు ఆవిడ వీధి గుమ్మంలో నిలబడి అందరికీ చెప్పింది. సిగ్గుపడమని అమ్మ లోపలికి లాగితే, "నాకేం సిగ్గు, మీ అందరికీ రోజూ అయ్యేదేగా" అంది. మర్నాడే కొత్త చీర కట్టుకుని నాన్నను బయల్దేరదీసింది. నేనూ వెంటపడ్డాను.

రామచంద్రపురంలో తలుపు తీసింది వాళ్ళ అత్తగారు. లోపలికి రమ్మన్నారు, కూర్చోమన్నారు. కబురు చెయ్యకుండా వచ్చారేంటని మాత్రం అడిగారు. కాసేపటికి వంటింట్లోంచి ఒకమ్మాయి కాఫీ గ్లాసులు పట్టుకొచ్చింది. మెళ్ళో కొత్త నల్లపూసలు. మావయ్య తల దించుకుని పేపరు చదువుతున్నాడు. నాన్న లేవబోతే మేనత్త చెయ్యి పట్టి ఆపింది. గ్లాసు ఖాళీ అయ్యేదాకా తాగి, కొంగుతో మూతి తుడుచుకుని, అప్పుడు లేచింది. తిరుగు బస్సులో నాన్న కిటికీ వైపు తిరిగి ఏడుస్తున్నారు.

"ఊరుకో అన్నయ్యా. కాఫీ బాగానే పెట్టింది" అంది మేనత్త.

ఒకే చోట అన్నిసార్లు కోయడంతో పొట్ట గోడ బలం పోయింది. కుట్టుమిషను కొని, అందరివీ జాకెట్లు కుట్టి బతకాలని దాని ముందు కూర్చుంది గానీ, కాలితో తొక్కితే పొట్ట ముందుకు జారేది. హెర్నియా అన్నారు. దగ్గొస్తే రెండు చేతులా పొట్ట పట్టుకునేది, నవ్వొచ్చినా అంతే. "నన్ను నవ్వించకే, పేగులు ఒళ్ళో పడతాయి" అనేది నాతో. ముద్దను నమిలి నమిలి పిండి చేసి మింగేది. ఆ ఉబ్బు చూసి బస్సుల్లో ఆడవాళ్ళు లేచి సీటిచ్చేవారు.

"ఎన్నో నెలమ్మా?"

"ఆరో నెలండి" అని కూర్చునేది.

మొదటిసారి విన్నప్పుడు నేను బిత్తరపోయాను. ఆవిడకు పిల్లలు పుట్టే దారి చీముతోనే మూసుకుపోయిందని డాక్టరుగారు చెప్పి అప్పటికి చాలా కాలమైంది. "నిలబడలేనే. ఉన్నదున్నట్టు చెబితే సీటిస్తారా?" అంది.

నాకు పెళ్ళయ్యాక అందరికన్నా ఎక్కువ భయపడింది ఆవిడే. నా కడుపు మీదా అదే గాటు ఉంది మరి. నేను నెల తప్పానని తెలిసి నా దగ్గరకు వచ్చింది. సీమంతం పీటల దగ్గరకు మాత్రం రావద్దని మా అత్తవారి వైపు పెద్దలు చెప్పించారు. దొడ్లో కూర్చుని పులిహోరకు మిరపకాయలు తుంచింది. పాప పుట్టాక ఒడిలో వేసుకుని చాలాసేపు చూసి, "నీకు అతుక్కోవలసినవి అతుక్కున్నాయే. నాకు అతుక్కోకూడనివి అతుక్కున్నాయి" అంది.

లోపల జరిగింది సరిగ్గా అదే. ఆపరేషన్ల తర్వాత పేగులు ఒకదానికొకటి అంటుకుపోయాయి. ఉన్నట్టుండి ఎక్కడో ఒకచోట మెలిపడేది. పొట్ట ఉబ్బి, పచ్చగా వాంతులయ్యేవి. ముక్కులో గొట్టం వేసి, సెలైన్ ఎక్కించి, అదే విడేదాకా కాచుకునేవారు. ఏళ్ళ తరబడి అలాగే విడుతూ వచ్చింది. ఈసారి విడలేదు.

మొదట్నుంచీ చూసిన డాక్టరుగారే వచ్చారు. జుట్టు నెరిసిపోయింది. దాపరికం లేకుండా చెప్పారు.

"ఇప్పుడు తెరిస్తే ఏది ఎక్కడుందో నాక్కూడా తెలీదమ్మా. తెరవకపోతే పేగు చచ్చిపోతుంది."

"నాకూ తెలీదండి. తెరిచి చూడండి" అంది మేనత్త.

తెరిచారు. అప్పటికే చాలా భాగం నల్లబడిపోయింది. తీసేసి కుట్టారు. ఆ కుట్టు నిలవలేదు.

ఆపరేషన్‌కు ముందు రోజంతా నేను ఆవిడ దగ్గరున్నాను. నోట చుక్క నీరు కూడా పడకూడదన్నారు. మరీ దాహమంటే తడి దూదితో పెదాలు అద్దమన్నారు. ఎండ మండిపోతోంది. పెదాలు పగిలి నెత్తురు చెమ్మ కనిపిస్తోంది. నన్ను ఒక్క గుక్క అడిగింది. నర్సును అడిగింది. పక్క మంచం వాళ్ళ చుట్టాన్ని కూడా బతిమాలింది. తర్వాత అడగడం మానేసి కిటికీ వైపు తిరిగి పడుకుంది.

కింద గోదావరి. రేవులో ఒకావిడ మోకాలి లోతు నీళ్ళలో నిలబడి, చెంబుతో ముంచి కొడుకు నెత్తిన పోస్తోంది. వాడు కేరింతలు కొడుతున్నాడు. ఆవిడ చెంబు వంచినప్పుడల్లా మా మేనత్త గొంతు గుటక వేసింది.