నా నడుం కోసం ఉపవాసం

నర్సు నా ఆవులింతలు లెక్కపెడుతోంది. ఎదురుగా ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, నేను నోరు తెరిచినప్పుడల్లా కాగితం మీద ఒక గీత గీస్తోంది. ఇరవై రెండేళ్ళుగా క్లాసులో ఆవులించిన పిల్లల్ని లేపి నిలబెట్టిన టీచర్ని నేను. నిద్ర రావడం లేదు, అయినా ఆవులింత మీద ఆవులింత. కళ్ళలోంచీ ముక్కులోంచీ నీళ్ళు. బయట ఆగస్టు ఉక్కపోత, నా చేతుల మీద మాత్రం చలికాలంలోలా రోమాలు నిక్కబొడుచుకుని ఉన్నాయి. ఆమె టార్చి వేసి కంటిపాపలు చూసింది, బీపీ చూసింది, నాలుక కింద చిన్న బిళ్ళ పెట్టి అది కరిగేదాకా మాట్లాడొద్దంది. మాట్లాడ్డానికి ఎవరున్నారు గనక, ఆమె వెళ్ళిపోతే గదిలో నేనొక్కదాన్నే.

విజయనగరంలో ఆ వార్డుని అందరూ తాగుడు మాన్పించే వార్డనే అంటారు. ఉన్నవాళ్ళంతా మగవాళ్ళు. ఆడమనిషి రావడం అరుదు కాబట్టి నాకోసం పాత సామాన్ల గది ఖాళీ చేసి మంచం వేశారు. మూలన ఇంకా రెండు విరిగిన సెలైన్ స్టాండులు ఉండేవి. గోడకి అవతల రోజూ పదకొండింటికి తాగుబోతులందర్నీ గుండ్రంగా కూర్చోబెట్టి మాట్లాడించేవారు. ఒకడు తన కథ చెబుతూ ఏడిస్తే ఇంకొకడు ఊరుకోరా అనేవాడు, కాసేపటికి అందరూ కలిసి నవ్వేవారు. నాకు వాళ్ళ మీద అసూయ వేసేది. పాతిక మంది ఒకే తప్పు చేసి ఒకచోట కూర్చున్నారు. నాది మాత్రం నాకొక్కదానికే ఉన్న తప్పులా అనిపించేది.

నేను మానాల్సింది సారా కాదు, నొప్పి మాత్ర.

నాలుగేళ్ళ కిందట రాజాం రోడ్డులో రైతులు సగం రోడ్డు మేర ధాన్యం ఎండబోశారు. బడికి వెళ్తూ, ఎదురుగా బస్సు వస్తే పక్కకి తిప్పాను. గింజల మీద స్కూటీ జారింది. నడుంలో ఒక పూస చిట్లింది. డాక్టరు రెండు వారాలకి ట్రెమడాల్ గొట్టం మాత్రలు రాసిచ్చాడు. మొదటి పూట వేసుకోగానే నొప్పి తగ్గింది. దాంతోపాటు, సాయంత్రం ఇంటి తాళం తీసినప్పుడు లోపల ఎవరూ లేరని గుర్తొచ్చే ఆ బాధ కూడా తగ్గింది. నేను పెళ్ళి చేసుకోలేదు. దానికి పెద్ద కథేమీ లేదు. సంబంధాలు వచ్చిన వయసులో అమ్మ మంచాన ఉంది, అమ్మ పోయాక సంబంధాలు రాలేదు. నడుం నొప్పికి రాసిన మందు దీనికీ పనిచేస్తుందని ఆ డాక్టరుకి తెలియదు, నేనూ చెప్పలేదు.

రెండు వారాలు అయిపోయాయి. మందుల చీటీ మడతల దగ్గర చిరుగుతుంటే జిరాక్సు షాపులో ఇచ్చి లామినేషన్ చేయించాను. ఆ డాక్టరు ఊరు మారిపోయాడు గానీ చీటీ నాలుగేళ్ళు చెల్లింది. మందుల షాపులో చూపించేటప్పుడు తేదీ మీద బొటనవేలు ఉంచి పట్టుకునేదాన్ని. పిల్లలు చూసి రాస్తే ఎంత దూరం నుంచైనా పట్టేసే మనిషిని, ఆ బొటనవేలు అంత బాగా పెట్టడం ఎలా నేర్చుకున్నానో తెలియదు. రోజుకి రెండు కాస్తా నాలుగయ్యాయి, ఆరయ్యాయి, చివరికి పన్నెండు. ప్రతిసారీ నేనే వెళ్తే అనుమానిస్తారని, పక్కింటి అక్కకి చీటీ ఇచ్చి పంపడం మొదలుపెట్టాను. అప్పటికి ఆ చీటీ అలవాటైపోయి షాపువాడు తేదీ చూడటం మానేశాడు.

అక్క నాకు చుట్టం కాదు. మా ప్రహరీగోడకి అవతల ఉంటుంది. నా బడిలోనే పిల్లలకి మధ్యాహ్న భోజనం వండుతుంది. మా బాప్టిస్టు చర్చిలో స్త్రీల సమాజానికి పెద్ద కూడా ఆమే. నేను పడిపోయిన వారమే, బుధవారం కూటంలో చదివే ప్రార్థన మనవుల్లో నా నడుం చేరింది. అది బాగయ్యేదాకా శుక్రవారాలు పగలంతా ఏమీ తినను, తాగనని అక్క అందరి ముందూ చెప్పింది. మావాళ్ళలో అలా ఒకరి కోసం ఉపవాసం పడితే, ఆ మనిషి కూటంలో లేచి బాగయిందని సాక్ష్యం చెప్పేదాకా వదలరు.

నా నడుం ఏడాదికే బాగయింది. ఆ మాట చెబితే మరి మాత్రలెందుకని ఎవరో ఒకరు అడుగుతారు. అందుకని చెప్పలేదు. బుధవారం బుధవారం నా నడుం పేరు చదువుతూనే ఉన్నారు, నేను కళ్ళు మూసుకుని ఆమెన్ అంటూనే ఉన్నాను. శుక్రవారాలు అక్క పొయ్యి దగ్గర నిలబడి నూట ఇరవై మందికి వండి, వడ్డించి, మెట్టు మీద ఊరికే కూర్చునేది. నేను ఎదురుగా వరండాలో కేరేజీ విప్పుకుని తినేదాన్ని. మొదట్లో సిగ్గేసేది. తర్వాత మాత్ర వేసుకున్నాక దేనికీ పెద్దగా సిగ్గేసేది కాదు.

చివరికి ఒక ఉదయం స్టాఫ్ రూములో హాజరు పట్టీ రాస్తూ రాస్తూ కింద పడిపోయాను. ఫిట్స్ అన్నారు. ఎచ్చెర్లలో ఉండే తమ్ముడు వచ్చి విజయనగరం తీసుకెళ్ళాడు. అక్కడి డాక్టరమ్మ నాకంటే చాలా చిన్నది, పదోసారి అడిగినా గొంతు పెంచని మనిషి. మాత్రలు ఎక్కువైనందుకే ఫిట్స్ వచ్చాయనీ, అలాగని ఉన్నపళంగా ఇంట్లో మానేయడమూ ప్రమాదమేననీ, పది రోజులు తన కళ్ళ ముందు ఉండాలనీ చెప్పింది. చీటీ ఏదని అడిగింది. పోయిందన్నాను. అది అక్క దగ్గర ఉందని నాకు తెలుసు. తమ్ముడు సంతకం పెట్టి, పాలు, బిస్కట్లు కొనిచ్చి, తన ఇంట్లో వాళ్ళకి కూడా చెప్పనులే అని మాటిచ్చి వెళ్ళిపోయాడు. అక్కకి మాత్రం ఫోను చేసి, నడుముకి కరెంటు పెడతారట, పది రోజులు పడుతుందట అని చెప్పాను.

మూడో రోజు కాళ్ళు నా మాట వినలేదు. పడుకుంటే తన్నుకునేవి, నిలబడితే వణికేవి. కడుపు కదిలిపోయి లేచి లేచి ఓపిక పోయింది. మందిస్తున్నారు, అది పనిచేస్తోందని, లేకపోతే దీనికి మూడింతలు ఉండేదని నర్సు చెప్పింది. నాకది ఓదార్పుగా అనిపించలేదు. సాయంత్రం ఆమె బల్ల దగ్గర పది నిమిషాలు ఫోను మాట్లాడనిస్తారు. అక్కకి చేసి ఏడ్చాను. ఒళ్ళంతా నొప్పులనీ, వీళ్ళు నా పాత మాత్ర ఇవ్వడం లేదనీ చెప్పాను. తెచ్చిపెట్టమని అడగలేదు. అడగకుండానే ఆమెకి అర్థమయ్యేలా చెప్పాను. ఆ తేడా నాకు బాగా తెలుసు.

మరునాడు నాలుగింటికి అక్క వచ్చింది. రెండు బస్సులు మారి వచ్చింది. చేతిలో రొట్టె పేకెట్టు, బత్తాయిలు, జిప్పు కవరున్న బైబిలు. వార్డు గుమ్మం దగ్గర అటెండరు రొట్టె పేకెట్టు కోసి చూశాడు, బత్తాయిలు ఒక్కొక్కటీ నొక్కి చూశాడు. బైబిలు ముట్టుకోలేదు. నా మంచం మీద కూర్చుని కాసేపు నా కాళ్ళు పట్టి, తలుపు వైపు ఒకసారి చూసి, అక్క బైబిలు జిప్పు తీసింది. లోపల చీటీ, దాని కింద పది గొట్టాల అట్ట.

“నువ్వు ఏడిసినావు గదా, నాకు ముద్ద దిగనేదు. ఈలు ఇవ్వకపోతే మనకేటి దొరకవా? ఏసుకో సెల్లీ, ఎవులూ సూడ్డం నేదు.”

నోరూరింది నాకు. మామిడికాయ చూసినట్టే ఊరింది. ఎన్ని వేసుకుంటే కాళ్ళు ఆగుతాయో లెక్క అప్పటికే అయిపోయింది. నాలుగు రోజుల పాటు పడిందంతా మళ్ళీ మొదటికి వస్తుందని డాక్టరమ్మ చెప్పిన మాట కూడా గుర్తుంది, గుర్తుండగానే నా చెయ్యి అట్ట మీదకి వెళ్ళింది. అక్క గబగబా సీసాలోంచి గ్లాసులోకి నీళ్ళు వంచి నాకిచ్చింది. ఇస్తున్నప్పుడు ఆమె పెదాలు చూశాను. ఎండిపోయి తెల్లగా పొక్కు కట్టి ఉన్నాయి. నువ్వు తాగక్కా అన్నాను. తల అడ్డంగా ఊపింది.

“ఇయ్యాల సుక్కురోరం గదేటి.”

ఆ పూట పిల్లలకి వండి, వడ్డించి, పచ్చి మంచినీళ్ళు ముట్టకుండా రెండు బస్సులు ఎక్కి, నా నడుం కోసం ఆమె తెచ్చిన మాత్రలు నా చేతిలో ఉన్నాయి. గ్లాసు కిటికీ మీద పెట్టేశాను.

“అక్కా, నా నడుం బాగయిపోయి మూడేళ్ళయింది,” అన్నాను.

ఆమెకి మొదట అర్థం కాలేదు, జ్వరంలో మాట్లాడుతున్నానేమోనని నుదురు పట్టుకు చూసింది. అప్పుడు అంతా చెప్పాను. బొటనవేలు సంగతి, పన్నెండు మాత్రల సంగతి, ఇది ఏ వార్డో ఆ సంగతి. ఆమె తెచ్చిన ఒక్కొక్క అట్టా ఎటు పోయిందో చెప్పాను. గోడకి అవతల ఎవరో కేరమ్స్ ఆడుతున్నారు. అక్క బైబిలు జిప్పు అటూ ఇటూ లాగుతూ కూర్చుంది. అబద్ధమాడినందుకు తిడుతుందనుకున్నాను. మాత్రలకి బానిసయ్యానని అసహ్యించుకుంటుందనుకున్నాను. ఆమె అడిగింది వేరు.

“దేవుడు నా మాట మూడేళ్ళ కిందటే ఇన్నాడన్నమాట. మరి నాకు సెప్పనేదేటి? నా ఎదర కూకుని కేరేజీ ఇప్పుకుని తిన్నావు గదే.”

ఆమె లేచి, చీటీ తీసి మంచం మీద పెట్టి, చెప్పులేసుకుని వెళ్ళిపోయింది. నేను నర్సుని పిలిచి అట్టా చీటీ రెండూ ఇచ్చాను. చీటీ చింపుదామని చూసింది, లామినేషన్ కదా, చిరగలేదు. కట్టు గుడ్డలు కోసే కత్తెరతో నాలుగు ముక్కలు చేసింది.

మిగిలిన రోజులు ఎవరూ రాలేదు. ఆవులింతల గీతలు తగ్గాయి, కాళ్ళు ఆగాయి, అన్నం రుచి తెలిసింది. ఒళ్ళు బాగుపడుతున్నకొద్దీ ఒంటరితనం ఎక్కువైంది. దాన్ని మూసిపెట్టింది ఆ మాత్రలే, అవి పోయాక అది అలాగే, నాలుగేళ్ళ కిందట వదిలిన చోటే నన్ను చూస్తూ కూర్చుంది. అక్కకి రోజూ ఫోను చేశాను. మోగి మోగి ఆగిపోయేది. పదో రోజు డాక్టరమ్మ తగ్గించుకుంటూ వాడాల్సిన మందు రాసి, పదిహేను రోజులకోసారి వచ్చి కనబడమంది. ఆ చీటీ మీద తేదీ పెద్ద అంకెలతో వేసింది.

తర్వాతి బుధవారం కూటానికి వెళ్ళాను. మనవులు చదువుతున్న అక్క నా నడుం దగ్గరికి వచ్చి ఆగింది. లేచి నిలబడ్డాను. నడుం మూడేళ్ళ కిందటే బాగయిందని చెప్పాను, ఆ తర్వాత దాచిందంతా కూడా చెప్పాను. సాక్ష్యం చెబితే అందరూ స్తోత్రం అంటారు. ఆ రోజు ఎవరూ అనలేదు. అక్క పెన్ను తీసి నా పేరు మీద గీత కొట్టి, తర్వాతి మనవి చదివింది.

శుక్రవారం మధ్యాహ్నం గంట కొట్టాక నేను వరండాలో కేరేజీ ముందు కూర్చున్నాను. అక్క పిల్లలందరికీ వడ్డించింది. తర్వాత ఒక పళ్ళెంలో తనకి పెట్టుకుని, మెట్టు మీద కూర్చుని, తినడం మొదలుపెట్టింది. నాలుగేళ్ళలో శుక్రవారం నాడు ఆమె తినగా చూడటం అదే మొదలు. అది అలాగే జరగాలి, ఆమె మూడేళ్ళ కిందటే తినాల్సిన అన్నం అది. అయినా నా కోసం పస్తుండే మనిషి ఈ లోకంలో ఇక ఎవరూ లేరని తెలిసి నాకు ఏడుపు ఆగలేదు.

కేరేజీ విప్పలేదు. కడిగిన పళ్ళెం ఒకటి తీసుకుని ఆమె దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. నా మొహం చూడకుండా అన్నం పెట్టింది, తోటకూర పప్పు వేసింది. గుడ్లు పిల్లలకే అంది. ఆమె కింద మెట్టు మీద కూర్చుని తిన్నాను. కాసేపటికి, పిల్లల వైపే చూస్తూ అడిగింది.

“ఉప్పు సరిపోయిందేటి?”

సరిపోయిందని చెప్పబోయాను. నాలుగేళ్ళుగా అడిగినదానికల్లా ఎదుటివాళ్ళకి ఏది ఇష్టమో అదే చెప్పిన నోరు కదా.

“నేదక్కా. తక్కువైంది,” అన్నాను.

అక్క లేచి వెళ్ళి ఉప్పు డబ్బా తెచ్చి మా ఇద్దరి మధ్యా పెట్టింది.