లెక్కల మిషనూ, నా మీసమూ

నలుగురిలో నవ్వులపాలు కావడానికి కొందరికి జాతకం కలిసిరావాలి. నాకు బస్సు టిక్కెట్టు చాలింది. పొద్దున జగ్గయ్యపేటలో బస్సెక్కి, మధ్యాహ్నానికల్లా నందిగామలో పరువు పోగొట్టుకుని, దీపాలవేళకి మళ్లీ ఇంట్లో ఉన్నాను. అంత చిన్న ప్రయాణంలో అంత పెద్ద నష్టం తెచ్చుకున్నవాడు మా ప్రాంతంలో ఇంకొకడుంటే చూపించండి, దణ్ణం పెడతాను.

పంతొమ్మిది వందల అరవై దాటిన కొత్త. నేను వెంకట్రామయ్యగారి నూనె మిల్లులో కుర్ర గుమస్తాని. ఆయన మద్రాసు కంపెనీవాళ్ల దగ్గర ఒక లెక్కల మిషను కొన్నారు. అంకెలు పెట్టి పిడి తిప్పితే కూడికలు చేసిపెట్టే ఇనప మిషను. బరువుకి రుబ్బురోలు, మర్యాదకి కొత్తల్లుడు. దాన్ని ముట్టుకునే అధికారం మిల్లు మొత్తంలో నా ఒక్కడికే ఉండేది. ఆ గర్వంతోనే మీసం కూడా పెంచాను.

ఆ మిషనుకో జబ్బుంది. తొమ్మిది దాటితే పక్క గడిలోకి పోవలసిన ఒకటి పోయేది కాదు. తొమ్మిది వందల తొంభై తొమ్మిదికి ఒకటి కలిపితే వెయ్యి రావాలి కదా, తొమ్మిది వందల తొంభై చూపించేది. కలిపితే తగ్గడం పొత్తు వ్యాపారంలో తప్ప నేనెక్కడా వినలేదు. కంపెనీకి మొరపెట్టుకుంటే, పిడి తిప్పడం మాకే చేతకావడం లేదని జవాబిచ్చారు.

చివరికి కంపెనీవాళ్లు, మిషన్లు కొన్నవాళ్లందరినీ కూర్చోబెట్టి మంచిచెడ్డలు అడగడానికి ఒక సలహా సంఘం పెట్టారు. మొదటి మీటింగు నందిగామలో. లోపం రుజువైతే అందరికీ కొత్త మిషన్లిస్తామని కబురొచ్చింది. నన్ను పంపుతూ వెంకట్రామయ్యగారు ఒకటే మాట చెప్పారు.

"నోటితో చెప్పిరా అబ్బాయ్. మిషను మాత్రం కదిలించమాక."

పెద్దల మాట వినే రకాన్నయితే ఈ కథే ఉండేది కాదు. దొంగ మన చేతిలో ఉండగా ఉత్త కబుర్లు మోసుకెళ్లడమేమిటనిపించింది. ఆయన అటు తిరగ్గానే మిషనుకి దుప్పటి చుట్టి బస్సెక్కేశాను. ఆ రోజుల్లో మా రోడ్డు ఎలా ఉండేదంటే, గుంటల మధ్య అక్కడక్కడా రోడ్డుండేది. గుంట వచ్చినప్పుడల్లా మిషను నా ఒళ్లోంచి లేచి, మళ్లీ నా తొడల మీదే పడింది. పక్క సీట్లో పెద్దావిడ జాలిగా చూసి, పిల్లాడికి జొరమా నాయనా, అట్టా కప్పావు అని అడిగింది. అవునన్నాను. జబ్బు మనిషే కదా మరి.

మీటింగు ఒక హోటలు మేడ మీద. మిల్లులవాళ్లు, సొసైటీలవాళ్లు వచ్చారు. అందరి మిషన్లదీ అదే జబ్బు. వాళ్లందరికీ పెద్ద, పెనుగంచిప్రోలు సొసైటీ సెక్రటరీ కోటయ్యగారు. నా దుప్పటి మూట చూసి ఆయన ముఖం వెలిగిపోయింది.

"మేం చెబితే ఆ కంపెనీ ఆఫీసరు చాడీలంటాడు. నువ్వు చూపించు. నీ వెనక మేముంటాం."

వెనక ఉంటామన్నవాళ్లు ఎంత వెనక ఉంటారో నాకప్పటికి తెలియదు.

మద్రాసు ఆఫీసరు సన్నగా, టై కట్టుకుని, అతి మెత్తగా మాట్లాడాడు. ఆ మెత్తదనమే నాకు ఒళ్లు మండించింది. లేచి, ఈ మిషను శుద్ధ దండగ అన్నాను. ఆయన చిరునవ్వుతో, ఏదీ చూపించండి అన్నాడు. అక్కడితో ఊరుకుంటే పోయేది.

"ఇది వెయ్యి చూపిస్తే ఈపూటే మీసం తీయించుకుంటానండి" అన్నాను.

అందరూ బల్ల చుట్టూ మూగారు. తొమ్మిదులు మూడూ పెట్టాను. ఒకటి పెట్టి, పిడి పట్టుకున్నాను. తిప్పాను. గళ్లలో అంకెలు కదిలాయి.

వెయ్యి.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. మా మిషను ఇంట ఓడి రచ్చ గెలిచింది.

పొరపాటేమోనని మళ్లీ తిప్పాను. వెయ్యే. అంకెలు మార్చాను, మెల్లగా తిప్పాను, విసురుగా తిప్పాను. ప్రతిసారీ ఆఫీసరు కాగితం మీద వేసి చూసుకుని తల ఊపుతున్నాడు. ఒక్క తప్పు చెప్పవే తల్లీ అని లోలోపల మొక్కుకుంటున్నాను. అది పంతులుగారి ముందు ఎక్కం అప్పజెప్పే పిల్లలా గడగడా ఒప్పులే చెబుతోంది. నా వెనక కుర్చీలు ఒక్కొక్కటే జరుగుతున్న చప్పుడు వినిపించింది.

ఆఫీసరు కోటయ్యగారి వైపు తిరిగి, మీ మిషనెలా ఉందండి అని అడిగాడు. పిడి తిప్పడం చేతకాదనిపించుకోవడం ఎవరికిష్టం? ఆయన గొంతు సవరించుకుని, బంగారంలా ఉందండి అన్నారు. మిగతావాళ్లవీ అంతే, అన్నీ బంగారాలే. లోపం లేదని తేల్చేసి, ఆఫీసరు నా చెయ్యి పట్టుకుని, మిషను చక్కగా వాడుతున్నారని మెచ్చుకున్నాడు. కొత్త మిషన్ల ఆశ ఆవిరైపోయింది. ఆయన మెట్లు దిగగానే కోటయ్యగారు దగ్గరికొచ్చారు.

"మాటన్నావు గదా అబ్బాయ్. సెలూను కిందనే ఉంది."

పైపెదవికి తువ్వాలు అడ్డం పెట్టుకుని ఇల్లు చేరాను. మా ఇళ్లలో తండ్రి పోతే తప్ప మీసం తీయరు. తలుపు తీసింది మా నాన్నే. నా ముఖం చూసి కంగారుగా తన ఒళ్లు తడుముకున్నాడు.

"నేను బాగానే ఉన్నాగదరా. ఎవరు పోయారు?"

"ఎవరూ పోలేదు నాన్నా. లెక్క సరిపోయింది" అన్నాను.

తెల్లారాక, ఎవరూ రాకముందే మిషనుని దాని చోట పెట్టేద్దామని మిల్లుకెళ్తే, వెంకట్రామయ్యగారు అప్పటికే కూర్చుని ఉన్నారు. నందిగామ కబురు నాకంటే ముందే మిల్లు చేరినట్టుంది. దుప్పటి తీసి, తొమ్మిదులు మూడూ పెట్టి, ఒకటి కలిపి పిడి తిప్పారు.

తొమ్మిది వందల తొంభై.

లోపల ఒక చిన్న స్ప్రింగు పట్టు తప్పిందని, తర్వాతెప్పుడో మెకానిక్కు వచ్చి అన్ని మిషన్లూ విప్పాక తేలింది. పోయేటప్పుడు కుదుపులకి చోట్లో పడ్డ స్ప్రింగు, వచ్చేటప్పుడు కుదుపులకి ఊడిందన్నమాట. ఆ పొద్దున మాత్రం ఆ సంగతి ఎవరికీ తెలియదు. వెంకట్రామయ్యగారు ఆ అంకె వంక చూశారు, నా పెదవి వంక చూశారు.

"నందిగామ సెలూనాయన మళ్లీ అతికిస్తాడేమో, ఓ కార్డుముక్క రాసి కనుక్కో" అన్నారు.

అక్కడున్న నూనె డబ్బాల సాక్షిగా ఆ క్షణమే ఒట్టేసుకున్నాను. ఇనప సామాను మీద గానీ, వెనకుంటామన్న మనుషుల మీద గానీ, ఈ జన్మలో మీసం పందెం కాయను. తప్పనిసరైతే గడ్డం కాస్తాను. దానికి పందెం ఉన్నా లేకపోయినా తెల్లారితే కత్తి తప్పదు.